హన్మకొండ స్కేటింగ్ శిక్షణ: నేర్పు బాగుంది, గ్లౌజులు విప్పే దగ్గరే అభ్యంతరం

హన్మకొండలో మా అబ్బాయి ఎనిమిది నెలలుగా రోలర్ హాకీ (చక్రాల స్కేట్ల మీద ఆడే హాకీ) నేర్చుకుంటున్న శిక్షణ కేంద్రం గురించి, పిల్లలను చేర్పించాలనుకునే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. కాజీపేట నుంచి రోజూ బండి మీద తీసుకువెళ్లే శ్రమకు తగిన శిక్షణే ఇస్తున్నారు. మొదటి రెండు వారాలు స్టిక్ చేతికివ్వకుండా పడడం, లేవడం, ఆగడం మాత్రమే నేర్పారు. హెల్మెట్ పట్టీని కోచ్ స్వయంగా లాగి చూశాకే రింక్‌లోకి, అంటే స్కేటింగ్ ఆడే చోటికి, వదులుతారు. ఫీజు నెలకు 1,500 రూపాయలు.

నా అభ్యంతరం కొట్లాటల విషయంలో. 2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో అమెరికా, కెనడా ఐస్ హాకీ జట్ల మ్యాచ్ మొదలైన తొమ్మిది సెకన్లలోనే మూడు కొట్లాటలు జరిగాయి. ఆ వీడియోను ఇక్కడి పిల్లలు ఫోన్లలో చూసీ చూసీ కంఠతా పట్టారు. ఒక సాయంత్రం ఇద్దరు పన్నెండేళ్ల పిల్లలు బంతి దగ్గర తగులుకుని, స్టిక్‌లు పడేసి, గ్లౌజుల పట్టీలు చర్రున లాగి విసిరేసి, ఎడమచేత్తో ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని నిలబడ్డారు. నిజంగా కోపమొచ్చిన పిల్లవాడు గ్లౌజు విప్పేదాకా ఆగడు. అది చూసి నేర్చుకున్న పద్ధతి. కోచ్ విడదీసి, ఇద్దరినీ ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్లీ ఆటలోకి దింపారు. అడిగితే, "పెద్ద లీగ్‌ల గూడ ఇదే రూల్ సార్, పిల్లలన్నంక కొట్టుకుంటరు" అన్నారు.

రూలు నిజమే. ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటకు ఐదు నిమిషాల పెనాల్టీయే ప్రధాన శిక్ష, రెచ్చగొట్టినవాడికి ఇంకొంత ఎక్కువ. కొట్లాటల భయం ఉంటేనే మంచి ఆటగాళ్లను ఎవరూ దొంగదెబ్బ తీయరని అక్కడ వాదిస్తారు. నేను ఒప్పుకోను. అదే ఆటగాళ్లు ఒలింపిక్స్‌లో కొట్టుకుంటే మ్యాచ్ నుంచే బయటికి పంపుతారు, దానివల్ల అక్కడ ఆట చప్పబడలేదు. మన కబడ్డీలో నలుగురు కలిసి ఒకడిని పట్టి పడేస్తారు, అయినా పిడికిలి ఎత్తితే రిఫరీ ఊరుకోడు. కొట్టడమే పనిగా పేరుపడ్డ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే మాత్రలు, మద్యం కలిసి వికటించి చనిపోయాక, అతని మెదడులో పదేపదే తగిలిన దెబ్బలవల్ల వచ్చే సీటీఈ జబ్బు బయటపడింది. 21 ఏళ్ల ఐస్ హాకీ ఆటగాడు డాన్ శాండర్సన్ కొట్లాటలో హెల్మెట్ ఊడి, తల మంచుకు తగిలి, 2009 జనవరిలో ప్రాణం వదిలాడు.

మన రింక్‌లో కింద ఉన్నది సిమెంటు.

అబ్బాయిని మానిపించలేదు, ఆట సాగినంతసేపూ గోడ పక్కనే నిలబడుతున్నాను. ఐదు మార్కులకు మూడు ఇస్తున్నాను. కొట్టుకున్నవాడు ఆ రోజుకు ఇంటికే అని ఆ గోడ మీద రాసిన రోజు నాలుగున్నరకు మారుస్తాను.