వ్యాగన్ ఆర్‌కి కొత్త క్లచ్ సెట్టు: చాన్నాళ్ళు వాడాక తేలిన సంగతులు

వ్యాగన్ ఆర్ 1.0 పెట్రోలు బండికి బయట కొని వేయించిన మూడు ముక్కల సెట్టు ఇది: ప్లేటు (ఇంజను తిరుగుడుని గేర్ బాక్సుకి అందించేది), ప్రెషర్ ప్లేటు (ప్లేటుని అదిమి పట్టేది), రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపించేది). బండి తిరిగేదంతా శ్రీకాకుళంలోనే. ఏడు రోడ్ల జంక్షన్లో అడుగడుగునా ఆగుతూ కదులుతూ ఉండాలి. విజయనగరం వైపు హైవే మీద పరుగు ఉంటుంది. అప్పుడప్పుడు ఎస్.కోట దాటి అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఇన్నాళ్ళ వాడకంలో సెట్టు జారలేదు, బేరింగ్ అరవలేదు, పెడల్ గట్టిపడలేదు. కాబట్టి సరుకు గురించి నేను చెప్పాల్సింది తక్కువే. చెప్పాల్సిందల్లా బిగింపు గురించి. "కొత్త క్లచ్ బాగోలేదు" అని షెడ్డుకి తిరిగొచ్చే బళ్ళలో చాలావాటికి గేర్ బాక్సు మళ్ళీ దించే పనే ఉండదు.

ఎక్కువమంది చెప్పేది రివర్స్ గేరు కరకరమంటోందని. ముందు ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు కూడా గట్టిగా ఉంటే తప్పు క్లచ్‌ది కాదు, గేరు కేబుళ్ళది. ఆపినప్పుడు సాఫీగా పడుతుంటే ఇంజను ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదు అంకెలు లెక్కపెట్టి రివర్స్ వెయ్యండి. అప్పటికీ కరకరమంటే ప్లేటు ఫ్లైవీలుని (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) పూర్తిగా వదలడం లేదన్నమాట.

దీనికి కారణం చాలాసార్లు క్లచ్ వైరు (పెడల్‌ని క్లచ్‌కి కలిపే కేబుల్) దగ్గరే దొరుకుతుంది. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు వేళ్ళు (మధ్యలో ఉండే స్ప్రింగు రేకులు) బేరింగ్ వైపు జరుగుతాయి, ఫ్రీ ప్లే, అంటే వైరులో ఉండాల్సిన ఆట, తగ్గిపోతుంది. అందుకే పాత ప్లేటు ఉన్నన్నాళ్ళూ వైరు చివరి నట్టు సడలిస్తూ వచ్చి ఉంటారు. కొత్త మందపాటి ప్లేటు పడగానే వేళ్ళు వెనక్కి వెళ్ళి, అదే సెట్టింగులో వైరు వదులైపోతుంది. పెడల్ ఎంత తొక్కినా సగం ప్రయాణం ఆ వదులు లాగడానికే పోతుంది. బానెట్ ఎత్తి, గేర్ బాక్సు మీదున్న రిలీజ్ ఆర్మ్‌ని (వైరు లాగే కడ్డీని) చేత్తో కదపండి. కేబుల్ క్లచ్ ఉన్న మారుతీ బళ్ళలో చాలావాటికి అక్కడ 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ మోడల్‌కి అంకె ఎంతో ఓనర్ మాన్యువల్లో చూసి సరిపోల్చుకోండి. ఎక్కువుంటే నట్టు బిగించాలి. అసలు లేకపోతే సడలించాలి, లేదంటే బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, క్లచ్ జారడం మొదలవుతుంది.

వైరు మార్చకుండా సెట్టు ఒక్కటే వేయించడం నాకు నచ్చని పని. లోపలి పొర చెదిరిన పాత వైరు ఉంటే కొత్త ప్రెషర్ ప్లేటు వేసినా పెడల్ గట్టిగానే ఉంటుంది. వైరే గనక తొందర తొందరగా గట్టిపడుతుంటే గేర్ బాక్సు ఎర్తు తీగ (కరెంటు తిరిగి వెళ్ళే దారి) చూడండి. బాక్సు దించినప్పుడు దాన్ని విప్పుతారు, ఎక్కించాక బిగించడం మరిచిపోతారు, లేదా తుప్పు మీదే బిగిస్తారు. అప్పుడు స్టార్టర్ కరెంటు తిరిగి వెళ్ళడానికి దొరికిన దారినల్లా వెతుక్కుంటుంది. ఆ దారుల్లో క్లచ్ వైరు ఒకటి. వేడికి దాని లోపలి ప్లాస్టిక్ పొర కరిగిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు వైరు చివర వెచ్చబడుతుంటే ఇదే కారణం. ఎర్తు పట్టే చోటు ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే సమస్య తీరుతుంది. కళింగపట్నం వైపు సముద్రపు గాలికి తిరిగే బళ్ళలో ఈ తుప్పు త్వరగా పడుతుంది.

ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు వణుకు వస్తే రెండు రకాలు. మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లలో కొద్దిపాటి వణుకు ప్లేటు సర్దుకునేటప్పుడు రావచ్చు. ఆ దూరం బండిని మెత్తగా నడపండి, ఏటవాలులో క్లచ్ మీద నిలబెట్టకండి. ఆ తరువాత కూడా తగ్గకపోతే ముందు ఇంజను, గేర్ బాక్సు మౌంటింగులు (వాటిని బండికి పట్టి ఉంచే దిమ్మలు) చూడండి. బాక్సు ఎక్కించాక ఒక బోల్టు వదులుగా ఉన్నా అచ్చం క్లచ్ వణుకులాగే ఉంటుంది. అవి బాగుంటే మిగిలేది లోపల గ్రీసో ఆయిలో పడటం, లేదా ఫ్లైవీలు మీద వేడికి పడిన నీలిరంగు మచ్చలు. ఇక్కడ మాత్రం బాక్సు దించక తప్పదు.

అందుకే బాక్సు కింద ఉన్నప్పుడే పక్కన నిలబడి చూడమంటాను. ప్రెషర్ ప్లేటు ముఖం మీద తుప్పు పట్టకుండా రాసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. క్రాంకు వెనక ఆయిల్ సీలు తడిగా ఉంటే అప్పుడే మార్చాలి, దానికోసం మళ్ళీ అంత కూలీ ఇవ్వడం దండగ. స్ప్లైన్ (ప్లేటు కూర్చునే షాఫ్ట్ మీది పళ్ళు) మీద గ్రీసు సన్నటి పొరగా చాలు, ఎక్కువైంది తిరుగుడుకి చిమ్మి ప్లేటు మీదే పడుతుంది. ప్లేటుకి ఫ్లైవీలు వైపు ఏదో గుర్తు ఉంటుంది, స్ప్రింగుల ఉబ్బు సాధారణంగా బాక్సు వైపు రావాలి. బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కించేటప్పుడు బాక్సు బరువును ప్లేటు మీద వేలాడనివ్వకూడదు. కాసేపు వేలాడినా ప్లేటు మధ్యభాగం వంగిపోవచ్చు, వంగితే ఇక ఎంత ఎడ్జస్ట్ చేసినా రివర్స్ కరకర పోదు. ఇంజనుకీ బాక్సుకీ మధ్య ఉండి రెండిటినీ సూటిగా కూర్చోబెట్టే డవల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

చప్పుడు సంగతి తేలికే. క్లచ్ తొక్కితే మొదలై, వదిలితే ఆగిపోయేది రిలీజ్ బేరింగ్. వదిలితే వచ్చి, తొక్కితే పోయేది గేర్ బాక్సు లోపలి బేరింగ్, దాన్ని కొత్త సెట్టు నెత్తిన రుద్దకూడదు.

జారుతోందో లేదో తెలియాలంటే ఖాళీ హైవే మీద నాలుగో గేరులో 50 దగ్గర యాక్సిలేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే జారుతున్నట్టే. ఘాట్ రోడ్డులో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, కానీ అక్కడ పరీక్షలు పెట్టకండి, కాలిన వాసన వచ్చేసరికి కొత్త ప్లేటు పాడైపోతుంది.

హైడ్రాలిక్ క్లచ్ (వైరు బదులు ఫ్లూయిడ్‌తో పనిచేసేది) ఉన్న బళ్ళకి వైరు గోల లేదు. పెడల్ మెత్తగా కిందికి పోయి రెండుసార్లు తొక్కితే గట్టిపడుతుంటే లోపల గాలి ఉన్నట్టు. ఫ్లూయిడ్ డబ్బా మూత మీద రాసిన డాట్ గ్రేడు (DOT) ఫ్లూయిడ్ పోస్తూ బ్లీడ్ చేయించాలి, అంటే ఆ గాలి తీయించాలి.

తుఫాను వానలకి బండి చాన్నాళ్ళు నిలబడిపోతే ప్లేటు ఫ్లైవీలుకి తుప్పుతో అంటుకుపోవచ్చు. ఒక్కసారిగా గేరు వేసి లాగకుండా, ముందు ఇంజను వేడెక్కనిచ్చి పెడల్ పదేపదే తొక్కి చూడండి.

సెట్టుకి నా మార్కు 5కి 4. ఆ ఒక్క మార్కూ తగ్గించింది డబ్బాలో అలైన్‌మెంట్ డమ్మీ షాఫ్ట్ (బిగించేటప్పుడు ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలిపే పనిముట్టు) ఇవ్వనందుకు. వేయించుకున్నాక వెయ్యి కిలోమీటర్ల దగ్గర రిలీజ్ ఆర్మ్ ఆటని ఇంకోసారి కొలిచి నట్టు సరిచేయించుకోండి.