ట్రినిడాడ్‌కు బీచ్ కోసం వెళ్లకండి

కరీబియన్ అనగానే తెల్లటి ఇసుక, నీలి నీళ్లు, కొబ్బరి చెట్ల మధ్య కట్టిన ఊయల గుర్తొస్తాయి. కావలసింది అదే అయితే ట్రినిడాడ్ మీకు పడదు. అదే దేశంలోని చిన్న దీవి టొబాగోకు వెళ్లండి, విమానంలో అరగంట కూడా పట్టదు. ట్రినిడాడ్ చమురు, సహజవాయువుల మీద బతుకుతోంది. పర్యాటకుల కోసం ముస్తాబయ్యే అవసరం దానికి ఎప్పుడూ పెద్దగా రాలేదు. హోటళ్లు తక్కువ, ధరలు ఎక్కువ, దారి చూపే బోర్డులు అరకొర. అయినా మేము ఆ దీవిని ఇష్టపడ్డామంటే కారణం కూడా ఇదే. అక్కడ ఎవరూ మన కోసం వేషం కట్టరు. వాళ్లు ఎక్కే బండే ఎక్కాలి, వాళ్లు నిలబడి తినే చోటే నిలబడి తినాలి.

రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో తిరగడానికి మాక్సీ టాక్సీలే దిక్కు. తెల్లటి వ్యాన్లు, పక్కన ఒక రంగు చార. పసుపు చార ఉంటే నగరానికి పడమటి వైపు, ఎరుపైతే తూర్పుకు, ఆకుపచ్చైతే దక్షిణాన చాగ్వానస్, శాన్ ఫెర్నాండోల వైపు. రైళ్లు ఎప్పుడో ఆగిపోయాయి. పాత రైల్వే స్టేషనే ఇప్పుడు సిటీ గేట్ పేరుతో వీటికి ప్రధాన కూడలి. వేళలంటూ ఏవీ లేవు, సీట్లు నిండితే బయలుదేరుతుంది. ఎక్కగానే లోపలున్న అందరికీ కలిపి ‘గుడ్ మార్నింగ్’ చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు గానీ, చెప్పినవాళ్లకు బండంతా బదులు పలుకుతుంది. నడవలో మడత సీట్లు ఉంటాయి. వెనకవాళ్లు దిగాలంటే ముందున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, సీటు మడిచి, దారి ఇచ్చి, మళ్లీ సర్దుకోవాలి. ప్రతి మలుపులోనూ ఇదే తతంగం. మేమున్నన్నాళ్లూ దీని మీద విసుక్కున్న మనిషి కనిపించలేదు.

చీకటి పడ్డాక మాత్రం లెక్క వేరు. మాక్సీలు పలచబడతాయి, సొంత కార్లను టాక్సీల్లా తిప్పేవాళ్లు పిలుస్తుంటారు. నంబరు ‘హెచ్’ అక్షరంతో మొదలైతే అనుమతి ఉన్న టాక్సీ, ‘పి’ అయితే సొంత కారు. స్థానికులు రెండూ ఎక్కుతారు, కొత్తవాళ్లు ‘పి’ జోలికి పోకపోవడం మంచిది. నేరాల భయం అక్కడ ఊరికే చెప్పుకునే మాట కాదు. ఇళ్ల కిటికీలకే కాదు, వరండాలకు కూడా ఇనుప ఊచలే. రాత్రి భోజనానికి వెళ్తే, తిరిగి రావడానికి బండి ముందే మాట్లాడుకోండి.

మేము దిగింది వుడ్‌బ్రూక్‌లోని ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. తినడానికీ తాగడానికీ పేరున్న అరియపీటా అవెన్యూ నడక దూరంలోనే ఉంటుంది కాబట్టి చోటు విషయంలో వంక పెట్టలేం. గది శుభ్రం, యజమానురాలి మాట తీపి. నీటి సంగతే వేరు. కుళాయి నీళ్లు రోజూ వస్తాయన్న నమ్మకం లేక ప్రతి ఇంటి పక్కనా పెద్ద నల్ల ట్యాంకు పెట్టుకుంటారు. మా గెస్ట్‌హౌస్ ట్యాంకు నిండుకున్న రోజు, ఒంటికి సబ్బు రాసుకున్నాక కుళాయి గుర్రుమని ఆగిపోయింది. బకెట్ నీళ్లు వచ్చేసరికి పావుగంట. గది మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా అని అందరూ అడుగుతారు, ట్యాంకు ఎంత పెద్దదో కూడా అడగండి. హోటళ్లు చెప్పే ధర మీద పన్ను, సర్వీస్ ఛార్జీ విడిగా పడవచ్చు, అదీ ముందే తేల్చుకోవాలి. కరెంటు 115 వోల్టులు, ప్లగ్గులు అమెరికా రకం.

ఇక తిండి. ఉదయం ఆరింటికే రోడ్డు పక్క డబుల్స్ అనే అల్పాహారం అమ్మే బండ్ల దగ్గర జనం మూగుతారు. ఆఫీసు చొక్కాలు, స్కూలు యూనిఫాంలు, రాత్రి డ్యూటీ దిగిన పోలీసులు, అందరిదీ ఒకే గుంపు. పసుపు కలిపిన మైదా పిండిని పులియబెట్టి, పల్చగా ఒత్తి వేయించినది బారా. అమ్మేవాడు గుడ్డ తొలగించి రెండు బారాలు తీస్తాడు, ఒకదాని అంచు మరొకదాని మీదికి వచ్చేలా కాగితం మీద పరుస్తాడు. ఆపైన గరిటెడు సెనగల కూర, దోసకాయ తురుము, చింతపండు పచ్చడి. కాగితం కొసలు మెలిపెట్టి చేతికిచ్చేస్తాడు. మనం చిల్లర తీసేలోపే ఇదంతా అయిపోతుంది. కారం ఎంత అని అడిగితే ‘స్లైట్’ అనండి చాలు. గుంటూరు మిరపకాయ తిన్నవాళ్లం, ఇదెంత అనుకుంటే స్కాచ్ బానెట్ మిరప ఆ ధీమా దించుతుంది. ఒక డబుల్స్ ఏడెనిమిది స్థానిక డాలర్లు, అంటే అమెరికా డాలరు కన్నా కాస్త ఎక్కువ. ఆ దేశంలో ఇంత చవకగా, ఇంత బాగా దొరికే సేవ ఇంకొకటి లేదని నా తీర్పు. హోటల్ బఫే అల్పాహారానికి డబ్బు కట్టకండి.

మధ్యాహ్నానికి రోటీ దుకాణాలున్నాయి. పెనం మీదే చెక్క గరిటెలతో కొట్టి చీలికలు చేసిన పరాఠాను ‘బస్ అప్ షట్’ అంటారు. దానితో గుమ్మడికాయ కూర, తొక్కతో సహా వండిన పచ్చి మామిడి కూర. పేర్లు మనవే అనిపిస్తాయి గానీ రుచి మాత్రం మన ఇళ్లలోది కాదు, వాళ్లది. 1845 మే 30న ఫతెల్ రజాక్ ఓడలో దిగిన తొలి కూలీల నుంచి 1917 దాకా లక్షా నలభై వేలకు పైగా భారతీయులు చెరకు తోటలకు వచ్చారు. అత్యధికులు గంగా మైదానం వాళ్లు. మద్రాసు రేవు నుంచి వచ్చిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ మే 30 ఇప్పుడు సెలవు రోజు, దీపావళీ సెలవే.

ఒక రోజు కారు అద్దెకు తీసుకుని మధ్య ట్రినిడాడ్ చూడండి, మన బండ్లలాగే ఎడమ వైపు నడుపుతారు. కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు నిలబడి ఉంటాడు. అక్కడి దత్తాత్రేయ ఆలయం మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి పీఠానిది కాబట్టి తెలుగు భక్తులకు పేరు కొత్త కాదు. నాకు అంతకన్నా నచ్చింది దగ్గర్లోని వాటర్లూ సముద్ర ఆలయం. శివదాస్ సాధు అనే కూలీ చెరకు కంపెనీ నేలలో గుడి కడితే దాన్ని పడగొట్టారు, ఆయన్ను జైల్లో పెట్టారు. సముద్రం ఎవరి సొత్తూ కాదు కదా అని, ఆయన సైకిల్ మీద రాళ్లు మోసుకెళ్లి నీళ్లలోనే కట్టుకుంటూ పోయాడు. ఇప్పుడున్నది 1995లో తిరిగి కట్టినది. పోటు వేళకు వెళ్లాలి, ఆటు వేళ చుట్టూ బురదే. గుడి బయట ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి, “మా తాతకు తాత కూడా ఇండియా నుంచే వచ్చాడు, ఏ ఊరో మాత్రం తెలియదు” అంది. ఏదో బంధుత్వం కలిపినట్టు మా ఇద్దరి చేతుల్లో చెరొక మామిడికాయ పెట్టింది.

లా బ్రేయా తారు సరస్సు గొప్పదే, దాదాపు 100 ఎకరాలు. కానీ నీడ లేదు, వెళ్లే దారంతా గతుకులు. కింద తారు కదులుతుంటే రోడ్డు మాత్రం ఎలా నిలుస్తుంది? దానికన్నా సాయంత్రం కరోనీ చిత్తడి నేలల్లో పడవ ఎక్కడం మేలు. సూర్యుడు వాలే వేళకు ఎర్ర కొంగలు గుంపులుగా వచ్చి మడ చెట్ల మీద వాలతాయి. పడవవాడు దూరంగానే ఆపేస్తాడు కాబట్టి బైనాక్యులర్ లేకపోతే ఎర్ర చుక్కలే కనిపిస్తాయి. దోమల మందు తప్పనిసరి.

మరకాస్ తీరానికి వెళ్తే సొరచేప ముక్కలు పెట్టిన వేడి రొట్టె తినండి, ఈత మాత్రం అలలను చూసి. తిరుగు బండి దొరకడం కష్టం, కారులోనే వెళ్లండి. జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వచ్చే కార్నివాల్ అనే వీధి పండుగ వారంలో గది అద్దెలు విపరీతంగా పెరుగుతాయి, ఆ సందడి అక్కర్లేనివాళ్లు అది ముగిశాక వెళ్లవచ్చు.