ఫిల్టరు కొనేముందు మూడు రాత్రులు

హన్మకొండలో మా డాబా మీది నుంచి టెలిస్కోపులో ఓరియన్ నెబ్యులా (నక్షత్రాల మధ్య వెలిగే వాయుమేఘం) అద్దం మీద ఊపిరి ఊదినట్టు మసకగా కనబడుతుంది, అంతే. ఊరి వెలుగును చాలావరకు ఆపి నెబ్యులా వెలుగును వదిలే ఫిల్టర్లలో యూహెచ్‌సీ కొనాలా, ఓ-త్రీ కొనాలా తేలక రెండూ మా బావ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మొదటి రాత్రి డాబా మీదే చూస్తే యూహెచ్‌సీతో ఆకాశం కాస్త నల్లబడింది గానీ మనసు నిండలేదు. మర్నాడు పుష్య అమావాస్య. 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపుని వెనక సీట్లో పడుకోబెట్టి ములుగు దారి పట్టాను.

పగలు రామప్ప చూసి, రాత్రికి దారిలోనే ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రం, చపాతీ మెత్తన. కానీ గేటు మీద తెల్లటి ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు! ఆపమంటే సీసీ కెమెరాలకు కావాలన్నారు. పాత సోడియం దీపాల పసుపునైతే ఫిల్టరు చాలావరకు ఆపేస్తుంది. ఎల్‌ఈడీ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి నెబ్యులా దారిలోనే అదీ కొంత దూరిపోతుంది. ఆ రాత్రి దండగ.

మూడో రాత్రి తాడ్వాయి. గది మామూలుది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. అయితేనేం, అడగ్గానే వరండా లైటు తీసేశారు! అడవి కదా, ఆవరణ దాటలేదు. 25 ఎం.ఎం. ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే కటకం) యూహెచ్‌సీ బిగిస్తే ఓరియన్ రెక్కలు బారెడు చాచింది. ఊళ్లో చీకటి లేదని కొనాలనుకున్న వస్తువు చీకట్లోనే బాగా పనిచేస్తుందని అప్పుడు తెలిసింది.

నెబ్యులాలోని ఆక్సిజన్ వెలుగు 495.9, 500.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర, హైడ్రోజన్ బీటా అనే హైడ్రోజన్ వెలుగు 486.1 దగ్గర ఉంటాయి. యూహెచ్‌సీ మూడింటినీ వదులుతుంది, ఓ-త్రీ మొదటి రెండింటినే. అందుకే రోజెట్ నెబ్యులా అంచులు ఓ-త్రీలో తేటగా తేలాయి గానీ చుట్టూ నక్షత్రాలు బాగా మాసిపోయాయి. ఇంకా పెద్దదిగా చూపే 10 ఎం.ఎం. ఐపీస్ పెడితే అంతా చీకటే. కృత్తికల మీద రెండూ వృథా: అక్కడ ధూళి మీద పడి తిరిగొచ్చే నక్షత్రకాంతే, అది ఏ రెండు మూడు తరంగదైర్ఘ్యాలకో పరిమితం కాదు.

తాడ్వాయి వెళ్లేవాళ్లు మేడారం జాతర రోజులు మాత్రం తప్పించండి. మాఘ పౌర్ణమి వెన్నెల ఒకటి, జాతర లైట్లు ఒకటి.

ఇంటికొచ్చి 1.25 అంగుళాల యూహెచ్‌సీ ఆర్డరు పెట్టి, బావది బావకిచ్చేశాను. ఓ-త్రీ మాత్రం కార్తీకంలో వీల్ నెబ్యులా చూశాకే ఇస్తానన్నాను.