నాలుగేళ్లుగా నడుపుతున్న నీటిమట్టాల బాట్: ఎడిట్ ఫీచర్ గురించి నా అనుభవం

టెలిగ్రామ్‌లో బాట్ (తనంతట తనే మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) ఎలా తయారు చేయాలి, బాట్లను నమోదు చేసే బాట్‌ఫాదర్ దగ్గర దాని టోకెన్ ఎలా తీసుకోవాలి అన్నవి ఇక్కడ రాయడం లేదు. అది పావుగంట పని, చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క ఫీచర్ గురించి. బాట్ ఒకసారి పంపిన మెసేజ్‌ను తర్వాత తనే దిద్దగలదు. నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఈ బాట్‌లో నాకు దానంత నచ్చింది ఇంకోటి లేదు. మా బాబాయ్‌కి ఒకసారి నష్టం తెచ్చిపెట్టిందీ అదే.

మాది పల్నాడు. సాగర్ కుడి కాలువ కింద బాబాయ్‌కి నాలుగెకరాల మాగాణి ఉంది. పెద్దమ్మ వాళ్ల ఊరు పులిచింతల ప్రాజెక్టుకు దిగువన, కృష్ణ ఒడ్డున. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఇంటి గ్రూపులో ఒక్క పూటలో పది రకాల అంకెలు తిరిగాయి. ఎప్పటిదో వీడియో ఇప్పటిదని ఒకరు పెడితే, ఇంత నీళ్లు వదిలారట అని ఇంకొకరు. "ఇందులో ఏది నమ్మాలిరా?" అని పెద్దమ్మ ఫోన్ చేసి అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం కూర్చుని పైథాన్‌లో వంద లైన్ల స్క్రిప్ట్ రాశాను. ప్రాజెక్టుల నీటిమట్టాలు పెట్టే ఒక పేజీని గంటకోసారి తెచ్చుకుంటుంది. అందులోని టేబుల్ నుంచి శ్రీశైలం, సాగర్, పులిచింతల వరసలు ఏరుకుని నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో గ్రూపులో పెడుతుంది.

మొదటి వారం గంటకో కొత్త మెసేజ్ పంపించాను. రెండో రోజుకే అత్త గ్రూపును మ్యూట్ చేసింది. అలా మ్యూట్ చేసుకుంటే బాట్ ఉండీ లేనట్టే. అప్పుడు పట్టుకున్నాను ఈ ఎడిట్‌ని. పొద్దున ఆరింటికి ఒక్క మెసేజ్ వెళ్తుంది, టింగుమని మోగుతుంది. ఆ తర్వాత రోజంతా అదే మెసేజ్‌లో అంకెలు మారుతుంటాయి. కొత్త మెసేజ్ రాదు, ఫోన్ మోగదు. పొద్దున చూసిన చోటే సాయంత్రం చూసుకోవచ్చు. 2024 ఆగస్టులో సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఇంట్లో అందరూ ఆ ఒక్క మెసేజ్ తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. 590 అడుగుల నిండుమట్టం దగ్గరికి నీళ్లు జరుగుతుంటే, చూస్తుండగానే తెర మీద అంకె మారుతుంటే, ఆ సంతోషం వేరు. గుడికెళ్తూ కూడా పెద్దమ్మ ఫోన్ చేతిలోనే పట్టుకుని వెళ్లిందట.

ఒక చిన్న చిక్కు ఉంది. పాత మెసేజ్‌లో ఉన్న మాటలే మళ్లీ పంపితే ఎడిట్ తీసుకోదు, 'మెసేజ్ మారలేదు' అని ఎర్రర్ ఇస్తుంది. చివర్లో 'సాయంత్రం 4 గంటల లెక్క' అని ఒక లైన్ పెడితే సరిపోతుంది. గంట మారుతుంది కాబట్టి మెసేజ్ కూడా మారినట్టే.

తెలుగులో చూపించడం మాత్రం అనుకున్నంత సులువు కాదు. అంకెలన్నీ నిలువు వరసల్లో అందంగా కనపడాలని ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఇచ్చే ప్రీ ట్యాగ్‌లో టేబుల్ కట్టాను. ఇంగ్లిష్ పేర్లతో చక్కగా వచ్చింది, తెలుగు పేర్లు పెట్టగానే వరసలు చెదిరిపోయాయి. ఎందుకో తెలియక రెండు రాత్రులు పోయాయి. 'శ్రీశైలం' మన కంటికి మూడక్షరాలు. పైథాన్‌లో లెన్ (పొడవు) అడిగితే ఎనిమిది అంటుంది. శ, పొల్లు, ర, దీర్ఘం ఇలా దేనికది విడిగా లెక్కపెడుతుంది. ఆ ఎనిమిదిని నమ్మి పక్కన ఖాళీలు పెడితే అంకెలు ఒక్కో వరసలో ఒక్కో చోట పడతాయి. పోనీ అక్షరాలే లెక్కపెడదామంటే, 'శ్రీ'కీ 'ల'కీ తెర మీద వెడల్పు ఒకటి కాదు. చివరికి టేబుల్ ఆలోచన వదిలేశాను. ఒక లైన్లో పేరు, దాని కింద అంకెలు. బాబాయ్ కళ్లజోడు లేకుండా చదువుతున్నాడు, నాకు అది చాలు.

ఇక 2023 ఆగస్టు సంగతి. 1901 తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. సాగర్ అడుగంటి ఉంది. ఎగువ నుంచి వచ్చేది అంతంతమాత్రం. కాలువకు నీళ్లొస్తాయో రావో తెలియక ఊళ్లో ఎవరూ నారు పోయలేదు. ఒకరోజు పొద్దున ఆరింటి మెసేజ్‌లో శ్రీశైలం ఇన్‌ఫ్లో 3 లక్షల క్యూసెక్కుల పైచిలుకు అని వచ్చింది.

లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ లెక్క నోటికే వచ్చు. మూడు లక్షలంటే రోజుకు 26 టీఎంసీలు, అదే ఊపున వస్తే వారంలో శ్రీశైలం నిండి సాగర్‌కు దిగుతాయి. బాబాయ్ ఈ లెక్క వేసుకుని ఏడింటికల్లా మూడు బస్తాల విత్తనం నానబోశాడు.

జరిగింది ఏమిటంటే, ఆ పేజీవాళ్లు రాత్రికి రాత్రి టేబుల్‌లో ఒక కాలమ్ కలిపారు. 'గత ఏడాది ఇదే రోజు ఇన్‌ఫ్లో' అని, సరిగ్గా ఇవాళ్టి ఇన్‌ఫ్లో ముందు. నా స్క్రిప్ట్ పేరు చూసి తీసుకోదు, 'ఐదో గడి' అని లెక్కపెట్టి తీసుకుంటుంది. ఆ ఐదో గడిలో ఇప్పుడు పోయినేడాది వరద కూర్చుంది. నీటిమట్టం, నిల్వ దానికి ముందు గడుల్లో ఉన్నాయి కాబట్టి అవి ఎప్పటిలాగే సరిగ్గా వచ్చాయి. ఎర్రర్ రాలేదు. అంకె కూడా శ్రీశైలానికి రాగూడనిదేం కాదు.

తొమ్మిదింటికి టీవీ స్క్రోలింగ్‌లో ఎగువ నుంచి వరద లేదని చూసి గుండె జారిపోయింది. ఆఫీసుకు ఆలస్యమైనా కూర్చుని సరిచేశాను. పదింటికి బాట్ ఎప్పటిలాగే మెసేజ్‌ను దిద్దింది, 3 లక్షలు పోయి కొన్ని వేలు వచ్చాయి. హమ్మయ్య అనుకుని వెళ్లిపోయాను.

ఎడిట్‌కి ఫోన్ మోగదు. నాకు అంతగా నచ్చింది అదే. బాబాయ్ ఆరింటికి చూశాడు, పొలం వెళ్లాడు, మళ్లీ ఆ గ్రూపు తెరవలేదు. మూడో రోజు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మండె కట్టిన విత్తనం మొలకొచ్చింది. రేపు చల్లేస్తున్నా. శ్రీశైలం ఎంతవరకు వచ్చింది?"

"ఏం విత్తనం బాబాయ్?"

"మొన్న పొద్దున నువ్వే పెట్టావు కదరా, మూడు లక్షలని."

ఆ రోజు మెసేజ్ తెరిచి చూడమన్నాను. అందులో ఆ అంకె లేదు. "నేను నా కళ్లతో చూశానురా" అన్నాడు, కాసేపు ఏం మాట్లాడలేదు. తను చదివిన అంకె తన ఫోన్‌లోనే లేకుండా పోయింది. పొరపాటు నాదేనని చెప్పాను గానీ, ఆ చెప్పడం మొదటిరోజు పదింటికే చెప్పాల్సింది. మొలకొచ్చిన విత్తనాన్ని ఏం చేస్తాం, చల్లేశాడు. బోరులో ఉన్న కాసిని నీళ్లు నారుమడికి సరిపోతాయి, నాట్లకు చాలవు. నారు ముదిరింది. చివరికి కోసి గేదెలకు వేశాడు. విత్తనం డబ్బులు పంపిస్తే తీసుకోలేదు.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. కాలమ్‌ను గడి నంబర్‌తో కాకుండా టేబుల్ పై వరసలో ఉన్న పేరుతో వెతుకుతున్నాను. తెలియని పేరు కనపడితే బాట్ అంకె పెట్టదు, 'పేజీ మారింది, చూసి చెప్తాను' అని మాత్రం పంపుతుంది. రెండోది, ఇన్‌ఫ్లోను నిల్వతో సరిచూస్తుంది. రోజుకు 26 టీఎంసీలు వస్తున్నాయంటే, బయటికి పోయింది తీసేస్తే మిగిలినంత నిల్వ పెరిగి తీరాలి. పెరగకపోతే ఎక్కడో తప్పుంది. ఈ లెక్క ముందే పెట్టి ఉంటే ఆ మెసేజ్ వెళ్లేదే కాదు. బాబాయ్‌కి నోటికి వచ్చిన లెక్కను స్క్రిప్ట్‌లో పెట్టాలని నాకు తట్టలేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అంకె పెరిగినా తగ్గినా ఎడిటే. ముందు పెట్టిన అంకె తప్పైతే మాత్రం ఎడిట్ చేయను. పాత మెసేజ్‌కు రిప్లైగా 'సవరణ' అని కొత్త మెసేజ్ వెళ్తుంది, ఫోన్ మోగుతుంది, పాత తప్పు అలాగే కనపడుతూ ఉంటుంది. ఇప్పటికి అలాంటివి నాలుగు వెళ్లాయి. ప్రతిసారీ బాబాయ్ చూశానని బొటనవేలు పెడతాడు.

కాబట్టి ఎడిట్ బాగుందా అంటే, పైన అంత మెచ్చుకున్నాక కూడా కొంచెం తగ్గించి చెప్పాలి. ఆఫీసు సర్వర్ నడుస్తోందా లేదా, బస్సు ఎక్కడుంది లాంటివి, మనమే చూసుకుని మనమే మర్చిపోయేవైతే దీన్ని మించింది లేదు. చూసినవాళ్లు ఆ అంకెతో డబ్బు, విత్తనం, ప్రయాణం ఏదైనా ముడిపెట్టుకునేటట్టయితే, ఎడిట్ ఒక్కదాని మీద ఆధారపడొద్దంటాను. మా ఇంట్లో పదిహేను మందే ఉన్నారు, అందరి ఫోన్లలో టెలిగ్రామ్ మా తమ్ముడు దగ్గరుండి పెట్టాడు, స్క్రిప్ట్ నడిచే పాత ల్యాప్‌టాప్ నా గదిలో రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంటుంది. అందుకని మాకు కుదిరింది. ఊరంతా ఉన్న పెద్ద గ్రూపుకు ఇదే పెట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంకా ఒప్పుకోలేదు. సవరణ మెసేజ్ అంతమందిలో ఎవరు చూశారో, ఎవరు చూడలేదో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కోవడం నావల్ల కాదు.