సినిమానా, సిరీసా: రెజ్లర్‌కి ఏది మేలు?

రెజ్లర్ హీరోగా సినిమా వస్తోందంటే కథ మనమే చెప్పేయొచ్చు. భార్యనో కూతురినో ఎవరో ఎత్తుకెళ్తారు, నాలుగు బండ్లు పేలతాయి, మనవాడు అందరినీ చితక్కొడతాడు. 2006లో జాన్ సీనా చేసిన 'ది మెరైన్' అచ్చంగా ఆ సరుకే. తీసింది కూడా అతను కుస్తీ పట్టిన డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థే. అందులో నటించింది కండలే.

సీనాతో ఒక సౌకర్యం ఉంది. ఒకే పాత్రను రెండు చోట్లా వేశాడు కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2021 నాటి 'ది సూసైడ్ స్క్వాడ్' సినిమాలో పీస్‌మేకర్ అనే ఆ పాత్ర గుంపులో ఒకడు మాత్రమే. కాస్త నవ్విస్తాడు, చివరికొచ్చేసరికి సొంత జట్టువాడినే చంపి మనకు రోత పుట్టిస్తాడు. అక్కడితో సరి. 2022 జనవరిలో ఆ సినిమా తీసిన జేమ్స్ గన్నే రాసిన 'పీస్‌మేకర్' సిరీస్, ఎనిమిది ఎపిసోడ్ల మొదటి సీజన్‌తో మొదలైంది. ఇప్పుడు వాడికి విషం లాంటి తండ్రి ఉన్నాడు, చిన్నప్పుడు తన చేతి దెబ్బకే పోయిన అన్న ఉన్నాడు, ఒక పెంపుడు గద్ద ఉంది. ఒకచోట ఒంటరిగా కూర్చుని పియానో వాయిస్తాడు. సినిమాలో తిట్టుకున్న మనిషి మీదే జాలేస్తుంది.

ఇందులో వింతేమీ లేదనిపిస్తుంది నాకు. రెజ్లింగ్ అంటేనే వారం వారం సాగే టీవీ కథ. డబ్ల్యూడబ్ల్యూఈ వారి వారపు షో 'రా' 1993 నుంచి అలా నడుస్తూనే ఉంది. మైకు పట్టుకుని పగ పెంచడం, మంచివాడు మెల్లగా విలన్‌గా మారడం, మళ్లీ వెనక్కి రావడం, ఇవన్నీ వాళ్లకి రోజువారీ పని. రెండు గంటల సినిమాలో అంత తీరిక ఎక్కడిది?

మన దారాసింగ్ కథా ఇలాంటిదే. 'కింగ్ కాంగ్', 'ఫౌలాద్' అంటూ 1960ల్లో వరసగా హీరో వేషాలు వేశారు. 1976లో 'బజరంగబలి' సినిమాలో హనుమంతుడయ్యారు. కానీ దేశం ఆయన్ని హనుమంతుడిగా గుండెల్లో పెట్టుకున్నది 1987లో మొదలైన దూరదర్శన్ 'రామాయణ్'తో. అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. తెలుగువాళ్లకి ఆర్జా జనార్దనరావే ముందు గుర్తొస్తారనుకోండి, అది వేరే సంగతి.

అలాగని టీవీ అందరికీ కలిసిరాలేదు. హల్క్ హోగన్ 'థండర్ ఇన్ ప్యారడైజ్' 1994లో 22 ఎపిసోడ్లకే ఆగిపోయింది. డ్వేన్ జాన్సన్ 'బాలర్స్' ఐదు సీజన్లు నడిచినా, అతను పెద్ద తెర మనిషే.

నా వాదనకి అసలు అడ్డు డేవ్ బటిస్టా. 'బ్లేడ్ రన్నర్ 2049' మొదట్లో చిన్న కళ్లద్దాలు పెట్టుకుని కనిపించేది కొద్ది నిమిషాలే. అంత లావు మనిషి అలసటగా, గొంతు పెంచకుండా మాట్లాడుతుంటే కండలు మర్చిపోతాం. అతనికి ఎనిమిది ఎపిసోడ్లు అక్కర్లేదు. కానీ ఆ పని చేయగల రెజ్లర్ ఇంకొకరు నాకు కనపడలేదు. మిగతావాళ్లకి నా ఓటు సిరీస్‌కే.

సీనాని కొత్తగా చూసేవాళ్లు ముందు 'ది సూసైడ్ స్క్వాడ్' చూసి, వెంటనే సిరీస్ పెట్టుకోండి. సినిమాలో చేసిన ఆ హత్యే సిరీస్ పొడవునా వాడిని వెంటాడుతుంది. టైటిల్స్‌లో వచ్చే డ్యాన్స్ మాత్రం ఒక్కసారి కూడా స్కిప్ చేయకండి.