మామిడి పిందె వంపుకి ఏ పెన్ను మేలు?

గద్వాల చీర అంచు ఫోటో తెచ్చి, అందులోని మామిడి పిందెను కత్తిరించి పెళ్లి కార్డు మూలకు పెట్టమనే గిరాకీ మహబూబ్‌నగర్, నల్లగొండ డీటీపీ షాపులకు కొత్త కాదు. ఫోటోషాప్‌లో ఈ పనికి మూడు పెన్నులున్నాయి: మామూలు పెన్ టూల్, కర్వేచర్ పెన్, ఫ్రీఫామ్ పెన్. మూడూ గీసేది బెజియర్ వంపే. రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియెర్ బెజియర్ 1960ల్లో కారు బాడీ వంపుల కోసం ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది. తేడా ఎక్కడంటే, ఆ వంపు పగ్గం మీ చేతిలో ఎంత ఉంటుందన్న దగ్గర.

ఫ్రీఫామ్ సంగతి ముందే తేల్చేద్దాం. పెన్సిల్‌తో గీసినట్టు గీసుకుంటూ పోతే పాయింట్లు, అంటే గీతను పట్టి ఉంచే చుక్కలు, అదే పెట్టుకుంటుంది. గీత మీ చేతి కదలికను ఎంత దగ్గరగా అనుసరించాలో చెప్పే కర్వ్ ఫిట్ విలువ 0.5 నుంచి 10 పిక్సెళ్ల దాకా ఇవ్వొచ్చు. తగ్గిస్తే చేతి వణుకంతా పాయింట్లయి కూర్చుంటుంది, పెంచితే గీత అసలు ఆకారాన్ని వదిలేస్తుంది. మాగ్నెటిక్ టిక్ పెడితే అంచును అంటుకుని పోతుంది గానీ, అందుకు రెండు రంగుల మధ్య తేడా గట్టిగా ఉండాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు. కాబట్టి డిజైన్ అంచులు పుట్టుకతోనే చెదిరినట్టుంటాయి. అక్కడ మాగ్నెటిక్ దారి తప్పి వంకరటింకరగా తిరుగుతుంది. మెరిసే జరీ మీద కూడా అంతే. మౌస్‌తో పనిచేసేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

అసలు పోటీ మిగతా రెంటి మధ్యే. కర్వేచర్ పెన్ 2017 అక్టోబరులో ఫోటోషాప్ సీసీ 2018తో వచ్చింది. హ్యాండిళ్లు, అంటే పాయింటుకు రెండు పక్కలా ఉండి వంపును తిప్పే పుల్లలు, లాగే పని లేదు. క్లిక్ చేస్తూ పోవాలి, మూడో పాయింటు పడగానే గీత దానంతటదే వంగుతుంది. వంపు కాక కోణం కావాల్సిన చోట డబుల్ క్లిక్. ఆపాలంటే ఎస్కేప్. బిందె, కుంకుమ భరిణె, బతుకమ్మ తాంబాళం లాంటి నిండు గుండ్రాలకు దీనంత సుఖమైన పెన్ను లేదు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు కూడా తొందరగా పట్టుబడుతుంది.

పిందె దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. పిందె పొట్ట పెద్ద వంపు, మెడ దగ్గర లోపలికి చిన్న వంపు, ఆపైన కొక్కెంలా తిరిగిన కొస. కర్వేచర్ పెన్ హ్యాండిళ్ల పొడవును చుట్టుపక్కల పాయింట్లను చూసి తనే లెక్కేసుకుంటుంది. అందుకే మెడ దగ్గర పాయింటు జరిపితే అప్పటికే సరిగ్గా కుదిరిన పొట్ట కూడా కదులుతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకో పాయింటు, దాని కోసం మరొకటి. చివరికి పిందె చుట్టూ పదిహేను పాయింట్లు చేరి గీత అలలు అలలుగా కనిపిస్తుంది.

అదే పిందెకు మామూలు పెన్నుతో ఐదారు పాయింట్లు చాలు. పీ కీ నొక్కి, పై బార్‌లో షేప్ బదులు పాత్ (రంగు నిండని ఉత్త గీత) ఎంచుకోండి. షేప్ ఉంటే గీస్తుండగానే రంగు నిండిపోయి కింద ఫోటో కనబడదు. జూమ్ 200 శాతం పైన పెట్టండి. కొస మీద ఊరికే క్లిక్ చేసి మొదలుపెట్టాలి. తర్వాతి పాయింటు పొట్ట బాగా బయటికి ఉబ్బిన చోట పెట్టి, గీత పోయే దిక్కుకే లాగాలి. ఆ తర్వాత అడుగున ఒకటి, లోపలి పక్క ఒకటి, మెడ పల్లంలో ఒకటి.

ఎంత లాగాలన్నదే చాలామందికి అంతుపట్టదు. సున్నాను చూడండి. 100 పిక్సెళ్ల వ్యాసార్థంతో సున్నా గీయాలంటే పైన, కింద, కుడి, ఎడమ నాలుగు పాయింట్లు, ఒక్కో హ్యాండిల్ సుమారు 55 పిక్సెళ్లు. రెండు పాయింట్ల మధ్య వంపు పొడవు సుమారు 157. అంటే హ్యాండిల్ దాదాపు మూడో వంతు. పిందెకైనా, బోర్డు మీది తెలుగు అక్షరాలకైనా ఈ కొలతతో మొదలుపెడితే సవరణ తక్కువ పడుతుంది. ఇంతకన్నా బాగా పొడుగు లాగితే వంపు ఉబ్బుతుంది, పొట్టిగా లాగితే పాయింటు దగ్గర గూటంలా పొడుచుకొస్తుంది.

లాగుతుండగా పాయింటు పక్కకు పడిందనిపిస్తే మౌస్ వదలకుండా స్పేస్ బార్ నొక్కి జరపొచ్చు. వంపు ఉన్నట్టుండి దిక్కు మారే చోట ఆల్ట్ నొక్కి ఆ పాయింటు మీదే క్లిక్ చేస్తే ముందువైపు హ్యాండిల్ పోతుంది, వెనకది ఉంటుంది. తిరిగి కొస దగ్గరికొచ్చాక పెన్ను పక్కన చిన్న సున్నా కనిపిస్తుంది. అక్కడ ఆల్ట్ పట్టి లాగితే చివరి వంపు మాత్రమే కదులుతుంది. ఆల్ట్ మరిచారా, మొదటి గీత కూడా చెడుతుంది.

గీతను అంచుకు ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికే ఉంచండి, లేకపోతే కార్డు మీద పిందె చుట్టూ చీర రంగు సన్నగా అంటుకుని ఉంటుంది. సెలెక్షన్ చేసేటప్పుడు అంచును మెత్తబరిచే ఫెదర్ 0.5 ఇస్తే అంచు కోసినట్టు కనిపించదు.

తొందర పని వస్తే రెండింటినీ కలిపి వాడొచ్చు. పొట్టను కర్వేచర్‌తో గీసి, A కీ నొక్కి (నల్ల బాణం వస్తే షిఫ్ట్‌తో A) డైరెక్ట్ సెలెక్షన్ అనే తెల్ల బాణం తీసుకుని కొక్కెం దగ్గర హ్యాండిళ్లు చేత్తో సరిచేయొచ్చు. ఫోటోషాప్ బదులు ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్ వాడేవాళ్లకు బీ కీతో వచ్చే పాత్స్ టూల్ ఉంది. అది లాగే పద్ధతి కాబట్టి మామూలు పెన్ను నేర్చుకున్న చెయ్యి అక్కడా ఆడుతుంది.

ఏ పెన్నుతో గీసినా పాత్స్ ప్యానెల్‌లో వర్క్ పాత్ మీద డబుల్ క్లిక్ చేసి పేరు పెట్టండి. పెట్టకపోతే దాన్ని డీసెలెక్ట్ చేసి కొత్త పాత్ మొదలుపెట్టగానే పాతది చెరిగిపోతుంది. పేరుతో దాచిన పిందె ఒక్కటుంటే, కార్డు మిగతా మూడు మూలలకు కంట్రోల్ టీ నొక్కి ఫ్లిప్ చేసుకుంటే సరి.