విన్నిపెగ్‌లో మూడు రోజులు

కెనడా గోధుమ మైదానాల్లో పుట్టిన ఊరు విన్నిపెగ్. 1881లో ఎనిమిది వేల మంది ఉన్న చోట రైలు వచ్చాక, 1911 నాటికి లక్షా 36 వేలు అయ్యారు. అంత వేగంగా పెరిగిన ఊరిని అక్కడి రచయితలు, చిత్రకారులు ఎలా చూశారో తెలుసుకోవాలని నా చాలా రోజుల కోరిక. అత్తయ్యను తీసుకుని సెప్టెంబర్‌లో వెళ్లాను.

మొదట డౌన్‌టౌన్‌లో ఒక హోటల్లో దిగాం. పార్కింగ్‌కి వేరే డబ్బులని దిగాక చెప్పారు. పైగా కింద బార్ మోత, అత్తయ్యకు రాత్రంతా నిద్ర లేదు. మర్నాడే నది అవతల సెయింట్ బోనిఫేస్‌లో చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. పెద్దవాళ్లతో వెళ్తే నేరుగా అక్కడే దిగండి.

ఎక్స్చేంజ్ డిస్ట్రిక్ట్‌లో పాత బ్యాంకులు, గోదాముల మధ్య నడక బాగుంటుంది. పాంటేజెస్ థియేటర్ ఎదురుగా ఒక ఉక్కు ట్రామ్ శిల్పం ఉంది. నేలలోకి సగం కూరుకుపోయి, పక్కకు ఒరిగి ఉంటుంది. 1919లో ఊరి కార్మికులంతా పని ఆపేసిన సమ్మెలో, జూన్ 21న కార్మికులు ట్రామును ఒరగదోశారు, పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఊరి సంపదంతా చూపించే వీధుల్లో ఆ సంపద ఎవరి కష్టమో చెప్పేది నాకు ఇదొక్కటే కనిపించింది. రాత్రి లోపలి దీపాలు వెలిగాక చూడండి.

రైలు పట్టాల అవతల, వలస వచ్చినవాళ్ల పేట నార్త్ ఎండ్ గురించి జాన్ మార్లిన్ 1957లో నవల రాశాడు. అందులో హంగేరియన్ కుర్రాడు శాండోర్ హున్యాడి, పైకి రావాలని అలెక్స్ హంటర్ అవుతాడు. అమెరికాలో పేరు కుదించుకున్న మనవాళ్లు ఎందరో గుర్తొచ్చి, ఆ వీధుల్లో నాకు మనసు భారమైంది.

ఆర్ట్ గ్యాలరీకి సగం రోజు చాలు. పక్కింటినీ, ఆకులు రాలిన చెట్లనూ గీసిన ఈ ఊరి చిత్రకారుడు ఫిట్జ్‌జెరాల్డ్ ప్రసిద్ధ చిత్రం మాత్రం ఒట్టావాలో ఉంది, ఇక్కడ వెతక్కండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది డెషాంబో వీధిలోని రచయిత్రి గాబ్రియేల్ రాయ్ ఇల్లు. వలస వచ్చినవాళ్లను మైదానాల్లో స్థిరపరిచే సర్కారు ఉద్యోగి అయిన వాళ్ల నాన్న 1905లో కట్టించాడు. ఊళ్లకు ఊళ్లు నిలబెట్టిన మనిషి కూతురు, తన పుస్తకానికి మాత్రం ఈ చిన్న వీధి పేరే పెట్టుకుంది. వెళ్లే ముందు వేళలు చూసుకోండి. అటకగదికి మెట్లెక్కాలి, అత్తయ్య మోకాళ్ల నొప్పితోనే ఎక్కింది. కిటికీ దగ్గర నిలబడి, వీధి చివరిదాకా చూస్తూ చాలాసేపు కదల్లేదు.